పై అంతస్తు తాడు

మా మిల్లులో ఇంజనును కళ్ళారా చూసినవాళ్ళు చాలా తక్కువ. ఇంజను గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. దూది పోగు ఎగిరివచ్చి నూనెలో పడితే బేరింగులు పాడవుతాయట. జనానికి తెలిసిందల్లా తాళ్ళే. ఇంజను గది గోడను ఆనుకుని తాళ్ళ బావి ఉంది. బావి అంటే కిందికి తవ్వింది కాదు, పైకి కట్టింది. నేల దగ్గర మొదలై అన్ని అంతస్తులనూ చీల్చుకుంటూ పైకప్పు దాకా లేచిన ఇరుకు గది. ఇంజను గదిలోని పెద్ద చక్రం మీదనుంచి మణికట్టంత లావు నూలు తాళ్ళు బయల్దేరి, గోడలోని సందులోంచి ఆ బావిలోకి దూరి, ఏటవాలుగా పైకి పరిగెత్తి, ఒక్కో అంతస్తులో ఒక్కో షాఫ్టును, అంటే పొడవాటి ఇనుప ఇరుసును, తిప్పి, మళ్ళీ కిందికి దిగుతాయి. షాఫ్టుల నుంచి బెల్టులు, బెల్టుల నుంచి యంత్రాలు. కింద ఒక్క చక్రం తిరిగితేనే పైన ఇంతమంది చేతులు ఆడతాయి.

ఆ తాళ్ళ మనిషిని నేను. అరిగిన తాడును కోసి, కొత్తది ఎక్కించి, కొవ్వూ నల్లపొడీ కలిపి పట్టించేది నేనే. తాడుకు ముడి వేయకూడదు. ముడి వేస్తే చక్రం గాడిలో పడ్డప్పుడల్లా ఎగిరిపడుతుంది. రెండు కొనల పేటలూ విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మనిషి నిలువుకు రెండింతల పొడవున అల్లుకుంటూ పోవాలి. అతుకు ఎక్కడుందో వేలికి తెలియాలి గాని కంటికి తెలియకూడదు. ఐదో తరగతితో బడి మానేసినవాడికి దక్కిన చదువు అది.

ఈ పని సెలవు రోజుల్లోనే, ఇంజను ఆగి ఉన్నప్పుడే చేయాలి. అందుకని ఇంజనును నేను చూడలేదని అబద్ధం చెప్పను. చాలాసార్లు చూశాను. కానీ చూసినప్పుడల్లా అది చల్లబడి, బిగుసుకుపోయి, పాత నూనె వాసనేస్తూ ఉండేది. నడుస్తుండగా ఒక్కసారి కూడా చూడలేదు. చూడనని ఒట్టు పెట్టుకున్నాను. పనిరోజున ఇంజను గది కిటికీ ముందునుంచి వెళ్ళాల్సి వస్తే తల అటు తిప్పుకుని పోయేవాణ్ణి. "అదుగో, మన పెళ్ళికూతురు సిగ్గుపడుతూ వస్తోంది" అనేవాళ్ళు బాయిలరు దగ్గరివాళ్ళు. అననివ్వండి. వాళ్ళకేం పోయింది?

ఇంజను డ్రైవరు మా బావ. మా అక్క మొగుడు. మా నాన్న దూది దుమ్ముకు దగ్గి దగ్గి పోయాక, నన్ను బడి మాన్పించేటప్పుడు, "వీణ్ణి నేను ఇంజను గదిలో పెట్టుకుంటాను, మీకెందుకు బెంగ" అని నలుగురిలో మాటిచ్చిన పెద్దమనిషి. తీరా ఖాళీ వచ్చినప్పుడు సొంత తమ్ముణ్ణి పెట్టుకున్నాడు. నన్ను తాళ్ళకు తోలాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అంతే, మాటలు ఆగిపోయాయి. నా జుట్టు సగం నెరిసింది, ఆయనది మొత్తం నెరిసింది, మాటలు మాత్రం మళ్ళీ మొదలవలేదు.

కానీ బావా బామ్మర్దులం కదా, ఎక్కడికి పోతాం? నాకు పెళ్ళీ పెటాకులూ లేవు. రాత్రి భోజనం అక్క దగ్గరే. ఒకే గదిలో, ఒకే దీపం కింద కూర్చుని, "అక్కా, మీ ఆయన్ని ఆ నీళ్ళ చెంబు ఇటు జరపమను" అనేవాణ్ణి. ఆయన, "మీ తమ్ముడికి చేతులు పడిపోయాయేమో అడుగు" అనేవాడు. అక్క చెంబు తీసి మా ఇద్దరి మధ్యా ఠక్కున పెట్టేది. "నన్ను మీ ఇద్దరికీ టెలిఫోను తీగను చేసేశారు. ఏదో ఒకరోజు తెగిపోతాను, అప్పుడు తెలుస్తుంది" అనేది.

అక్కదీ ఇదే మిల్లులో వడుకు పని, కానీ మా పని దగ్గర ఉండదు. అక్కడ మా భాష వేరు. నేను తాళ్ళ బావి అడుగున కూర్చుని అతుకు వేస్తుంటే, గోడకు అవతల చక్రం దగ్గర ఆయన గడ్డపారతో నిలబడేవాడు. చక్రం అంచు లోపలివైపు పళ్ళుంటాయి. వాటిలో గడ్డపార పెట్టి ఎత్తితే అంత బరువు చక్రమూ జానెడు జానెడు కదులుతుంది. నేను పానాతో గోడలోంచి అటు పోయే గొట్టం మీద ఒకసారి కొడితే కాస్త తిప్పమని. రెండుసార్లు కొడితే ఆపమని. విన్నానన్నట్టు ఆయనా అలాగే తిరిగి కొట్టేవాడు. ఇన్నేళ్ళూ ఆ రెండు మాటలతోనే గడిపేశాం. మూడో మాట అవసరం రాలేదు.

వచ్చింది, కొత్త అంతస్తు కట్టినప్పుడు.

మిల్లు మీద ఇంకో అంతస్తు వేశారు. కొత్త వడుకు యంత్రాలు దింపారు. వాటిని తిప్పడానికి కరెంటు మోటార్లు పెడదామని యజమానికి ఎవరో ఎక్కించారు. మోటార్లు అమ్మే ఒకాయన తెల్లచొక్కా వేసుకుని వచ్చి అంతా తిరిగి చూశాడు. మేనేజరు మమ్మల్నందరినీ మెట్ల దగ్గర నిలబెట్టి తేల్చి చెప్పాడు. "ఇంజను కట్టినవాళ్ళు ముందుచూపుతో చక్రం మీద ఒక గాడి ఖాళీగా వదిలారు. ఆ గాడిలో తాడు వేసి పై అంతస్తు కూడా నడపండి. పొద్దున కూత నుంచి సాయంత్రం కూత దాకా ఎక్కడా ఆగకుండా నడిస్తే ఇంజను ఉంటుంది. మధ్యలో ఆగిందా, మొత్తం మిల్లంతా మోటార్లే. ఇంజనును ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్మేస్తాం."

బావ మొహంలో నెత్తురు లేదు. నేను మాత్రం లోపల ఎక్కడో చిన్నగా చలి కాచుకున్నాను. ఆయన కూడా ఆ తలుపు అవతలినుంచి బయటపడి మాలాగే దుమ్ములో నిలబడతాడు కదా అనుకున్నాను. నా తాళ్ళూ పోతాయని తెలుసు. అయినా అనుకున్నాను.

పరీక్షకు ముందు రోజు సెలవు. పొద్దుటినుంచీ ముసురు. కొత్త అంతస్తు పైకప్పు ఇంకా పూర్తిగా మూయలేదు, తాళ్ళ బావిలోకి జల్లు కొడుతోంది. మా మిల్లులో అంత పొడవు తాడు అంతకుముందు ఎవరూ వేయలేదు. చుట్ట చాలా పెద్దది, బావిలో పట్టదని ఇంజను గదివైపు పెట్టించాను. కొన ఇటు లాక్కుని, పైదాకా ఎక్కించి, దించి, లాగి బిగించి, అతుకు మొదలుపెట్టాను. చేతులకు కొవ్వు, మీద జల్లు. సగం అల్లానో లేదో, అవతలినుంచి గొట్టం మీద మూడు దెబ్బలు వినిపించాయి.

నేను ఆగాను. మా లెక్కలో మూడు లేదు. మళ్ళీ మూడు కొట్టాడు. తొందరపెడుతున్నాడు కాబోలు, ఈయన కింద నేనేమైనా జీతగాణ్ణా అని ఒళ్ళు మండింది. రెండు కొట్టాను, ఆపమని. కాసేపటికి ఇంకోసారి మూడు వినిపించాయి, ఈసారి మెల్లగా. నేను తిరిగి కొట్టలేదు. లేచి వెళ్ళి అడగలేదు. అతుకు పూర్తిచేశాను. నా చేతిమీదుగా అంత మంచి అతుకు ఎప్పుడూ పడలేదు.

మర్నాడు పొద్దున కూత వేశారు. నేను నా చోట, తాళ్ళ బావిలో పై అంతస్తు గట్టుమీద నిలబడ్డాను. తాళ్ళన్నీ ఒక్కసారి వణికి, మెల్లగా కదిలి, వేగం అందుకున్నాయి. కొత్త తాడు తీగలా బిగిసి ఉంది. పై షాఫ్టు తిరిగింది. యంత్రాలు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. మా అక్కను ఆ కొత్త యంత్రాలకే వేశారు. ఆ చప్పుడులో నావైపు చూసి నవ్వి, చేత్తో బాగుందన్నట్టు సైగ చేసింది. మేనేజరూ తెల్లచొక్కాయనా చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు.

మధ్యాహ్నానికి వాన వెలిసి ఎండ కాసింది. బావిలో గాలి వేడెక్కింది. అప్పుడు చూశాను. కొత్త తాడులో కిందికి దిగే పాయ కొంచెం ఊగుతోంది. ముందు నా కన్నే ఊగుతోందనుకున్నాను. కాదు. ఊగి ఊగి పక్క తాడు దాకా వెళ్ళి వస్తోంది.

నూలు తాడు తడిస్తే ఉబ్బి కురచవుతుంది. ఆరితే మళ్ళీ సాగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలియనిదల్లా చుట్ట అడుగు తడిసిందని. నాకు అందినప్పుడు కొన పొడిగానే ఉంది, బావిలో పడ్డ జల్లు పైపైనే తడిపింది. చుట్ట అవతలివైపు, నీళ్ళ మడుగులో ఉండి ఉంటుంది. అది చూసినవాడు ఒక్కడే. ఆ మూడు దెబ్బలు దాని గురించే అయ్యుండాలి. నోరు తెరిచి, "ఒరేయ్, తాడు తడిసిందిరా" అంటే ముత్యాలు రాలతాయా ఆయనకు? నేను లేచి వెళ్ళి అడిగితే నాకేం రాలతాయో అది వేరే సంగతి.

అక్క పరుగెత్తుకొచ్చింది. జుట్టంతా దూది. "ఒరేయ్, పైన వేగం పడిపోతోంది. పోగులు తెగిపోతున్నాయి. మేనేజరు గడియారం తీశాడు. ఏమైందిరా?"

"తాడు సాగింది. ఇంకాస్త సాగితే పక్క గాడిలో పడుతుంది. రెండూ తెగుతాయి."

"అయితే వెళ్ళి మీ బావకి చెప్పు."

"నువ్వు చెప్పు మీ ఆయనకి."

అక్క నన్ను ఒక చూపు చూసింది. అమ్మ పోయాక అలాంటి చూపు నన్నెవరూ చూడలేదు. "తీగ తెగిపోయిందిరా," అంది. "ఇవాళే, ఇప్పుడే తెగింది. నేను నా యంత్రం దగ్గరికి పోతున్నా. ఇంజను ఉంటుందో ఇనుము కింద పోతుందో మీ ఇద్దరి ఇష్టం." వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

మెట్లు దిగుతూ కూడా నేను పూర్తిగా నిర్ణయించుకోలేదు. పోతే పోనీ, నాదేం పోయింది అనుకుంటూనే దిగాను. అడుగున చిన్న తలుపు ఉంది, నడుం వంచి దూరాలి. ఆ అవతల రొద ఆకాశాన్ని అంటుతుందని చెవుల్లో వేళ్ళు పెట్టుకోవడానికి సిద్ధమై తోశాను. పైన ఇన్ని అంతస్తుల్లో ఇంత హోరు పెట్టించేది లోపల ఎంత అరుస్తుందో కదా!

అరవడం లేదు.

ముందు నాకు చెవుడొచ్చిందేమో అనుకున్నాను. మెల్లగా వినిపించింది. ఊపిరి. అంత పెద్ద గదిలో ఒక్కటే ఊపిరి, పీల్చడం, వదలడం. నిద్రపోయే పసిపిల్ల గుండె మీద చెవి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. నేను సెలవు రోజుల్లో ఎక్కి తొక్కి, నల్లపొడి చేతులు తుడుచుకున్న ఇనుమేనా ఇది? రెండంతస్తుల ఇల్లంత చక్రం తిరుగుతోంది. దాని ఆకులు కనపడటం లేదు. వాటికి బదులు వెలుతురుతో చేసిన పళ్ళెం ఒకటి నిలబడి ఉంది. దానిలోంచి అవతలి కిటికీ కనిపిస్తోంది! చక్రం గాలి నా చొక్కాను వెనక్కి తోస్తోంది. మనిషి తొడకంటే లావు ఉక్కు కడ్డీ అద్దంలా మెరుస్తూ సిలిండరులోకి జారిపోతోంది, బయటికి వస్తోంది. ఎంత మెత్తగా అంటే, దాని మీద గుడ్డు పెట్టినా పగలదేమో. పైన రెండు ఇత్తడి గుండ్లు చేతులు చాచి గిరగిరా తిరుగుతూ, ఎంత ఆవిరి కావాలో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు కాస్త లేస్తున్నాయి, కాస్త దిగుతున్నాయి.

ఇక నా తాళ్ళు. ఒక్కో తాడునూ దాని మచ్చలతో, దాని అతుకుతో, పేరు పెట్టి పిలవగలను నేను. ఇప్పుడు ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. అన్నీ కలిసి చక్రం మీదనుంచి ఒకే నల్లటి ప్రవాహమై గోడలోకి పారుతున్నాయి. నా జీవితమంతా కోసి, విప్పి, అల్లి, పుళ్ళు పడ్డ వేళ్ళతో చేసినదంతా అక్కడ పారుతోంది. చుక్క చప్పుడు లేదు. మా నాన్న దగ్గుతూ నిలబడ్డ దూది గది దీని మీదే నడిచింది. మా అక్క పెళ్ళి, నా బడి, మా వీధిలో వెలిగే ప్రతి పొయ్యీ ఈ ఊపిరి మీదే వేలాడుతున్నాయి. కోపం రావాల్సింది. చాలా కోపం తెచ్చుకోవాలనే చూశాను. నా నోరు తెరుచుకుని ఉంది, మూసుకోవడం లేదు.

దీన్ని ముక్కలు చేస్తారా? సుత్తులతో?

బావ నన్ను చూడలేదు. నార బూట్లతో చప్పుడు లేకుండా ఇంజను పక్కన నడుస్తున్నాడు. పెద్ద చేయి లాంటి క్రాంకు పైకి లేచినప్పుడల్లా దాని కిందికి తన చేయి పోనిచ్చి, బేరింగును వేళ్ళ వెనకవైపుతో తాకి, అది దిగేలోగా తీసేస్తున్నాడు. జ్వరం చూసినట్టు. కళ్ళు అటు లేవు, చేయి మాత్రం వెళ్ళి వస్తోంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ చేయి ఉండదు. తొందరపడినా ఉండదు. నా కోపిష్టి చేతులు అక్కడ ఎన్నాళ్ళుండేవో అన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాన్ని అక్కడే నొక్కేశాను. ఆయనకు ఆ సంతోషం కూడా ఇవ్వాలా?

ఆ ప్రవాహంలో ఒక చివర ఒక్క తాడు తూగుతోంది. నాదే, కొత్తది.

"బావా!" అన్నాను.

గట్టిగా అరవాల్సిన అవసరమే రాలేదు. ఆయన తిరిగాడు. ముసలాడి కళ్ళు నా మొహం మీద ఆగాయి, తర్వాత తాడు మీదికి వెళ్ళాయి. 

"ఆరిపోయింది. సాగింది," అన్నాను. "తడపాలి. ఆపకుండా తడపాలి."

"నీళ్ళు పోస్తే జారుతుంది," అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది. గొంతు నేననుకున్నంత ముసలిదై లేదు. "ఆవిరి పట్టిద్దాం. కొత్త తాడు, ఇంకా కొవ్వు ఇంకలేదు. పీల్చుకుంటుంది."

నేల కడగడానికి ఒక ఆవిరి గొట్టం ఉంటుంది అక్కడ. దాని మూతి గోనెగుడ్డతో పట్టుకుని చక్రం పక్కకు వెళ్ళి నిలబడ్డాను. మూరెడు దూరంలో చక్రం అంచు గాలిని కోస్తోంది. గొట్టాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. భయంతోనా అంటే భయంతోనే, కానీ అంతకంటే పెద్దది ఇంకేదో కూడా ఉంది, దాని పేరు నాకు తెలియదు. బావ ఆ ఆవిరి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరి మధ్యా ఇంజనంత దూరం. నా మోచేతికి రెయిలింగు తగిలింది. జేబులోంచి పానా తీసి ఒకసారి కొట్టాను. ఆయన వెంట్రుకవాసి తిప్పాడు. తెల్లటి ఆవిరి మెత్తగా వచ్చి తాడును కమ్ముకుంది.

తాడు తూగుతూనే ఉంది. ఒకసారి పక్క తాడును ఒరుసుకుని వెనక్కి వచ్చింది. నా ఊపిరి ఆగింది, ఇంజనుది ఆగలేదు. ఇంకోసారి కొట్టాను. ఇంకో వెంట్రుకవాసి. నా చేతులు బొబ్బలెక్కుతున్నాయని తెలుస్తోంది గాని అవి వేరే ఎవరి చేతులో అన్నట్టుంది. చూస్తూ ఉండగా ఊపు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఇంకాసేపటికి ఆ తాడు మిగతావాటిలో కలిసిపోయింది. ఏది కొత్తదో, ఏది పాతదో, నేను అల్లినవాణ్ణి, నాకే తెలియలేదు.

రెండుసార్లు కొట్టాను. కుళాయి మూసుకుంది. ఆయన తిరిగి రెండు కొట్టాడు, విన్నానన్నట్టు.

ఆ తర్వాత సాయంత్రం కూత దాకా అక్కడే ఉన్నాం. తాడు ఆరినప్పుడల్లా పట్టించాం. కూత వేశాక బావ ఆవిరి కట్టేశాడు. చక్రం వెంటనే ఆగలేదు. చాలాసేపు తనకు తానే తిరుగుతూ, ఆకులు ఒక్కొక్కటే బయటపడుతూ, తాళ్ళు మళ్ళీ విడివిడి తాళ్ళవుతూ, చివరికి నిట్టూర్చినట్టు నిలబడింది. మేనేజరు లోపలికి వచ్చి, "ఆగలేదు. ఇంజను ఉంటుంది" అని ముక్తసరిగా చెప్పి వెళ్ళిపోయాడు. తెల్లచొక్కాయన మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "నేను కాస్త ముందే, ఇది తిరుగుతుండగానే వచ్చి చూడాల్సింది" అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. ఆ మాటకు ఆయన మీద నాకున్న కసి సగం పోయింది.

రాత్రి అక్క నా చేతులకు గుడ్డ చుట్టి, ఇద్దరికీ వడ్డించి, చెంబు గది మధ్యలో పెట్టి, "నాకు వంటింట్లో పనుంది" అని వెళ్ళిపోయింది. వంటింట్లో ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు. చాలాసేపు తిన్నాం. గుడ్డ చుట్టిన చేతులతో నేను చెంబు వైపు చూశాను. ఆయన చెంబు నావైపు జరిపాడు.

"సెలవు రోజున ఆ తాడు దించి, ఆరబెట్టి, మళ్ళీ అతకాలి," అన్నాను, అన్నంతో చెబుతున్నట్టు.

"అతుకు బాగుంది," అన్నాడు ఆయన, తన అన్నంతో. "కొలతే తప్పింది."

"మూడు కొడితే ఎవడికి అర్థమవుతుంది?"

"అడిగితే చెప్పేవాణ్ణి."

మళ్ళీ తిన్నాం. నన్నెందుకు ఆ గదిలో పెట్టుకోలేదని అప్పుడు అడగొచ్చు. ఆ ప్రశ్న నాలుక మీదికి వచ్చింది కూడా. బయటికి మాత్రం ఇంకోటి వచ్చింది.

"రోజూ అలాగే ఉంటుందా అది?"

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "పొద్దున్నే బాగుంటుంది," అన్నాడు. "ఆవిరి ఎక్కుతున్నప్పుడు. చల్లటి ఇనుములో మొదటిసారి ఊపిరి కదిలేటప్పుడు. అప్పుడు చూడాలి."

మర్నాడు కూతకు ముందే వెళ్ళాను. బాయిలరు దగ్గరివాళ్ళు, "పెళ్ళికూతురు అత్తారింటికి బయల్దేరిందిరోయ్" అని అరిచారు. అరవనివ్వండి. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. బావ తల ఎత్తలేదు. గోడవారనున్న ముక్కాలి పీట మీదనుంచి నూనె డబ్బా తీసి కింద పెట్టాడు, అంతే.

నేను పీట మీద కూర్చున్నాను. ఆయన్ని క్షమించానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ పొరపాటు. నేను వెళ్ళింది ఇంజనును చూడ్డానికి.